ఫార్మాట్ కొట్టే ముందు

(ఊళ్లో ఫోటో స్టూడియోలు, డీటీపీ సెంటర్లు, జిరాక్సు దుకాణాలు నడిపేవారి కోసం గ్రంథాలయం హాలులో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారు అడిగారని రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో తమ్ముడు లాప్‌టాప్ తెరుస్తున్నాడు. ఆగు నాయనా, ఆన్ చేయకు. మాటిమాటికీ ఆగిపోతోందని నాకు చూపించడానికే తెచ్చావు, తెలుసు. మూత వేసి ఒళ్లో పెట్టుకో. ఎందుకు వద్దంటున్నానో చెప్పడానికే వచ్చాను. చివర్లో నీ దగ్గరికే వస్తాను.

నేను 22 ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. ఈ రోజు మాత్రం బాగుచేసిన కథ చెప్పను. చేజేతులా పాడుచేసిన కథ చెబుతాను. ఆ కంప్యూటర్ యజమాని ఇక్కడే, మీ మధ్యనే కూర్చుని ఉన్నారు. నవ్వుతున్నారు కూడా. పేరు చెప్పను లెండి. అప్పుడు మాత్రం ఆయన నవ్వలేదు.

మాఘమాసం. ముహూర్తాల మీద ముహూర్తాలు. ఆయన స్టూడియోలో ఆల్బమ్ డిజైన్ చేసే కంప్యూటర్ ఒకటి ఉంది. రోజుకు రెండు మూడుసార్లు ఆగిపోతోంది. ఉన్నట్టుండి నీలి తెర వస్తుంది, దానిమీద ఏడుపుముఖం బొమ్మ, దానంతట అదే మళ్లీ మొదలవుతుంది. నేను వెళ్లాను. వెళ్లి ఏం చేశాను? మనందరం చేసే మొదటి పూజే చేశాను. ర్యామ్ తీశాను, దాని బంగారు రంగు పళ్లను పిల్లల పెన్సిల్ రబ్బరుతో రుద్దాను, మళ్లీ పెట్టాను. బ్లోయరుతో దుమ్ము ఊదాను. నవ్వుతున్నారంటే మీరూ చేస్తారన్నమాట. తప్పులేదు, అప్పుడప్పుడు దానితోనే తగ్గుతుంది కూడా. ఆ సాయంత్రానికి మళ్లీ నీలి తెర.

సరే, విండోస్ పాడయిందన్నాను. ఫార్మాట్ కొట్టాను. డీ డ్రైవులో ఫోటోలున్నాయి కాబట్టి దాన్ని ముట్టుకోకుండా, అదే డిస్కులో ఇంకో భాగమైన సీ డ్రైవు ఒక్కటే ఫార్మాట్ చేసి, అంటే అందులో ఉన్నదంతా చెరిపేసి, విండోస్ కొత్తగా వేశాను. పది రోజులు పువ్వులా నడిచింది. చూశారా, నేను చెప్పలేదా అన్నాను. డబ్బులు కూడా తీసుకున్నాను. పదకొండో రోజు ఫోన్ వచ్చింది. మళ్లీ మొదలైందన్నారు.

ఈసారి నేను ఊళ్లో లేను. ఇంకో మిత్రుడు వెళ్లాడు. ఆయన నాకంటే ఒక అడుగు ముందుకు వేశాడు, విండోస్ తనకు జరిగినవన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూశాడు. అందులో వరసగా ఎర్ర గుర్తులు, కెర్నల్ పవర్ 41 అని. పవర్ అని రాసి ఉంది కదా, కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మార్చేశాడు. పాపం ఆయనను అనడానికి లేదు, ఆ పేరు అలాంటిది. కానీ 41 చెప్పేది ఏమిటంటే, పోయినసారి కంప్యూటర్ పద్ధతి ప్రకారం ఆఫ్ కాలేదు, అంతే. ఎందుకు కాలేదో చెప్పదు. ఇంటికొచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉందని చెప్పడం లాంటిది అది. దొంగ ఎవరో చెప్పదు. కొత్త ఎస్‌ఎంపీఎస్‌తో కూడా నీలి తెర వచ్చింది. నేను తిరిగొచ్చి రెండోసారి ఫార్మాట్ కొట్టాను. ఈసారి నాలుగు రోజులు.

నాలుగు రోజులకు ఏమైందంటే, ఒక పెళ్లి ఆల్బమ్ తెరుస్తుంటే ఆగిపోయింది. మళ్లీ తెరిచారు, మళ్లీ ఆగిపోయింది. ఆ ఫోల్డరే, ఆ పెళ్లే. ఈసారి నేను పక్కనే కూర్చుని ఉన్నాను. అప్పుడు చూశాను అసలు సంగతి. నీలి తెర ఉన్నట్టుండి రావడం లేదండి. దానికి ముందు దాదాపు నిమిషం పాటు ఒక తంతు జరుగుతోంది. మౌస్ బాణం కదులుతుంది, కానీ ఏది నొక్కినా తెరుచుకోదు. సీపీయూ డబ్బా ముందు చిన్న ఎర్ర దీపం ఉంటుంది, హార్డ్ డిస్కు పనిచేస్తున్నప్పుడు మిణుకుమిణుకుమనేది. అది మిణకడం లేదు. అలా నిండుగా వెలుగుతూనే ఉంది. చెవి పెట్టి వింటే లోపల టిక్కు... టిక్కు... టిక్కు. ఇది ఎప్పటినుంచి అని అడిగాను. మొదటినుంచీ ఇలాగే ఉందండి, మీరు అడగలేదు కదా అన్నారు. నిజమే, నేను అడగలేదు.

ఆ నిమిషంలో లోపల ఏం జరుగుతోందో చెబుతాను. కాస్త ఓపిక పట్టండి, ఇది తెలిస్తే మిగతాదంతా మీరే చెప్పేస్తారు.

హార్డ్ డిస్కులో పళ్లేలు తిరుగుతుంటాయి. అది నిమిషానికి 7200 చుట్లు తిరిగే రకం, అంటే సెకనుకు 120. పళ్లెం మీద చదివే తల ఒకటి ఉంటుంది. అది పళ్లేన్ని తాకదు, తలవెంట్రుక మందంలో వేలవంతు కూడా లేని ఎత్తులో తేలుతుంటుంది. పళ్లెం మీది సమాచారమంతా సెక్టార్లు అనే చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది. పాత డిస్కుల్లో ముక్కకు 512 బైట్లు, ఈమధ్యవాటిలో 4096. ఒక ముక్క చదవడానికి రాలేదనుకోండి, డిస్కు ఏం చేస్తుంది? వెంటనే రాలేదని చెప్పదు. మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆ ముక్క మళ్లీ తల కిందికి రావడానికి ఒక చుట్టు ఆగాలి. మళ్లీ. మళ్లీ. పక్కకు జరిగి చూస్తుంది, వెనక్కి వచ్చి చూస్తుంది. ఆ రాకపోకల చప్పుడే మీరు వినే టిక్కు టిక్కు. విండోస్ ఈలోగా ఎదురుచూస్తుంటుంది. మామూలుగా 60 సెకన్ల దాకా ఓపిక పడుతుంది. మనిషికంటే ఎక్కువే.

సరే, ఒక ఫోటో చదవడానికి రాకపోతే ఆ ఫోటో తెరుచుకోదు, అంతేకదా? మొత్తం కంప్యూటర్ ఎందుకు పడిపోవాలి? ఇది మంచి ప్రశ్న, నేను చాలా ఏళ్లు వేసుకోలేదు. జవాబు ఏమిటంటే, డిస్కు మీద ఉండేవి మీ ఫోటోలు మాత్రమే కావు. ర్యామ్ చాలనప్పుడు విండోస్ తన జ్ఞాపకంలోని కొన్ని పేజీలను డిస్కు మీద పేజ్‌ఫైల్ అనే చోట దాచుకుంటుంది. ఇంట్లో చోటు చాలక పక్కింట్లో బియ్యం బస్తా పెట్టినట్టు. వంటకు వేళయింది, బస్తా తెచ్చుకుందామని వెళితే పక్కింటి తలుపు తెరుచుకోవడం లేదు. విండోస్‌కు ఇక చేసేదేమీ లేదు, చేతులెత్తేస్తుంది. నీలి తెర మీద కెర్నల్ డేటా ఇన్‌పేజ్ ఎర్రర్ అని వస్తుంది చూడండి, దాని అర్థం అచ్చంగా ఇదే. దాచుకున్నది తిరిగి తెచ్చుకోలేకపోయాను అని. విండోస్ తన సొంత ఫైళ్లు చదవలేకపోతే క్రిటికల్ ప్రాసెస్ డైడ్ అని కూడా రావచ్చు. అన్‌ఎక్స్‌పెక్టెడ్ స్టోర్ ఎక్సెప్షన్ అని మరొకటి, అది చూడగానే నా చూపు డిస్కు మీదకే వెళుతుంది. ఇవి వేరే కారణాలకూ వస్తాయి, కాదనను. కానీ ఫోన్‌తో ఆ తెరను ఫోటో తీసి పెట్టుకోండి. ఏదో నీలంగా వచ్చిందండి అని చెబితే మేమేం చేస్తాం?

ఇప్పుడు ఫార్మాట్ సంగతి. ఫార్మాట్ కొట్టాక పది రోజులు ఎందుకు బాగా నడిచింది? నన్ను మోసం చేసింది ఈ పది రోజులే.

చదవడానికి రాని ముక్కను డిస్కు వెంటనే మార్చేయదు. ఇది అనుమానం అని ఒక పట్టీలో రాసుకుని ఊరుకుంటుంది. ఎందుకంటే అందులో మీ సమాచారం ఉంది, ఎప్పుడైనా చదవడానికి రావచ్చేమోనని ఆశ. దాని మీద ఎవరైనా కొత్తగా ఏదైనా రాస్తే అప్పుడు తేల్చుకుంటుంది. పాతది ఇక అక్కర్లేదు కదా. రాసింది నిలిస్తే పట్టీలోంచి కొట్టేస్తుంది. నిలవకపోతే ఆ ముక్కను మూలన పడేసి, ఇలాంటి అవసరానికే కంపెనీ విడిగా ఉంచిన చోటులోంచి ఇంకో ముక్కను దాని బదులు వాడుతుంది. ఇప్పుడు చెప్పండి, నేను విండోస్ కొత్తగా వేసినప్పుడు ఏం చేశాను? ఆ అనుమానపు ముక్కల్లో కొన్నింటి మీద రాశాను. అవి పట్టీలోంచి పోయాయి. మిగతావి ఏ ఖాళీ చోటులోనో ఉండిపోయాయి. జబ్బు అలాగే ఉంది, పైకి కనిపించే గుర్తులు మాత్రం చెరిగిపోయాయి. కాటుక దిద్ది కళ్లకలక దాచినట్టు. ఈలోగా డిస్కు మీద కొత్తగా చెడిపోయే చోట్లు చెడిపోతూనే ఉన్నాయి. అందుకే రెండోసారి పది రోజులు కాస్తా నాలుగు రోజులైంది.

ఫార్మాట్ తర్వాత తగ్గింది కదా, అంటే విండోస్ తప్పేనని అనుకోకండి. ఎన్ని రోజులకు తిరగబెట్టిందో రాసుకోండి. గడువు తగ్గుతూ వస్తుంటే అది డిస్కే అని నేను పందెం కాస్తాను.

మరి నేను మొదటిరోజే ఏం చేసి ఉండాల్సింది? అదే ఈవెంట్ వ్యూయర్. స్టార్టులో ఆ పేరుతో వెతికితే వస్తుంది. విండోస్ లాగ్స్, దాని కింద సిస్టమ్. ఎర్రవి మాత్రమే చూడకండి, పసుపువి కూడా చూడండి. మూలం అన్న గడిలో డిస్క్ అని ఉన్నవి వెతకండి. 7 అని నంబరు ఉంటే చెడ్డ ముక్క తగిలిందని. 51 ఉంటే ఇందాక చెప్పిన బియ్యం బస్తా వ్యవహారంలో తేడా వచ్చిందని. 153 ఉంటే ఒకసారి రాక మళ్లీ ప్రయత్నించాల్సి వచ్చిందని. ఇది పసుపు గుర్తుతో వస్తుంది, ఎవరూ పట్టించుకోరు. నేను చూసేది ముందు దాన్నే. ఆ వాక్యంలోనే హార్డ్‌డిస్క్ 0, హార్డ్‌డిస్క్ 1 అని ఉంటుంది. రెండు డిస్కులున్నప్పుడు ఏది దోషో అక్కడ తెలుస్తుంది. ఆ స్టూడియో కంప్యూటర్లో డీ డ్రైవులోని ఫోటోలు తీసి చూసేవేళకు ఈవెంట్ వ్యూయర్ నిండా 7లే. నేను ఫార్మాట్ కొట్టిన ప్రతిసారీ అందులోని పాత రాతలు కూడా చెరిగిపోయాయి. సాక్ష్యాన్ని నేనే తుడిచేశానన్నమాట.

రెండోది, డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే చీటీ. స్మార్ట్ అంటారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాముతో చూడవచ్చు. నీలం అయితే మంచిది, పసుపు జాగ్రత్త, ఎరుపు ప్రమాదం. కానీ రంగు చూసి ఆగిపోకండి. కింద ఉన్న వరసల్లో 5, 197, 198 ఈ మూడు చూడండి. అది అంకెలను వరస నంబర్లతో సహా పదహారు లెక్కలో, అంటే 9 తర్వాత ఏ, బీ, సీ అక్షరాలు వాడే హెక్సాడెసిమల్‌లో చూపిస్తుంది, అందువల్ల 197 అనేది సీ5గా, 198 అనేది సీ6గా కనిపిస్తుంది. సెట్టింగుల్లో మామూలు లెక్కకు మార్చుకుంటే విలువలు తేలికగా తెలుస్తాయి. 5 అంటే మూలన పడేసి బదులు వాడుకున్న ముక్కలు. 197 అంటే ఇందాకటి అనుమానపు పట్టీ. ఆ స్టూడియో డిస్కులో 197 దగ్గర వందల్లో ఉంది. సున్నా ఉండాల్సిన చోట.

ఇంకొకటి ఉంది, 199. ఇది పెరుగుతుంటే డిస్కును తిట్టకండి. డిస్కుకూ బోర్డుకూ మధ్య సాటా కేబుల్ ఉంటుంది, సమాచారం ఆ దారిలో చెడుతోందని దాని అర్థం. ఒకసారి పెరిగిన అంకె మళ్లీ తగ్గదు, కాబట్టి కాగితం మీద రాసుకుని, కేబుల్ మార్చి, వారం తర్వాత చూడండి. అక్కడే ఆగి ఉంటే మీకు కొత్త డిస్కు ఖర్చు తప్పినట్టే. కేబుల్ ఖరీదెంతో మీకు తెలుసు. అది మార్చి చూడకుండా డిస్కు మార్పించే మెకానిక్కును నేను క్షమించను.

స్మార్ట్ బాగుంటే అంతా బాగున్నట్టేనా అని ముందు వరసలో అమ్మ అడుగుతున్నారు. కాదమ్మా. 2007లో గూగుల్ తన దగ్గరి లక్షకు పైగా డిస్కుల మీద చేసిన పరిశీలన ప్రచురించింది. అందులో పాడైపోయిన డిస్కుల్లో 36 శాతానికి పైగా డిస్కులు చీటీలో వాళ్లు లెక్కలోకి తీసుకున్న ఏ లోపమూ చూపించకుండానే పోయాయి. అదే పరిశీలనలో ఇంకో సంగతి కూడా ఉంది. డిస్కు తన ఉపరితలాన్ని తనే పరీక్షించుకునేటప్పుడు మొదటి లోపం దొరికిందనుకోండి, ఆ తర్వాత 60 రోజుల్లో అది పోయే అవకాశం, లోపం లేనివాటితో పోలిస్తే 39 రెట్లు. అంటే ఏమిటి? చీటీ చెడు చెబితే నమ్మండి. మంచి చెబితే మాత్రం పూర్తిగా నమ్మకండి.

ర్యామ్ తప్పు కాదని ఎలా చెబుతారు అంటారు. ర్యామ్ చెడితే సాధారణంగా ఒక్కోసారి ఒక్కో పేరుతో, ముందు హెచ్చరిక లేకుండా టక్కున పడిపోతుంది. డిస్కు చెడితే ముందు బిగుసుకుపోతుంది, తర్వాత పడిపోతుంది. ఇది నా అనుభవం, శాసనం కాదు. అందుకే ఒక రాత్రి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ అనే ప్రోగ్రాము పెట్టి వదిలేయండి. ఇంకో మంచి గుర్తు ఉంది. పడిపోయిన తర్వాత తనంతట తాను మొదలైనప్పుడు డిస్కే కనబడటం లేదంటుంది, స్విచ్ ఆపి కాసేపటికి మళ్లీ వేస్తే కనబడుతుంది. ఇలా జరిగితే నేను ఇంకేమీ వెతకను. పడిపోయినప్పుడు విండోస్ మినీడంప్ అని ఒక నివేదిక రాయాలి. ఇన్నిసార్లు పడిపోయినా ఒక్క నివేదికా లేదంటే? రాయడానికి చోటే లేకపోయిందేమో ఆలోచించండి.

అన్నిటికంటే నాకు ఇష్టమైన పరీక్ష ఇంకోటి. డిస్కు తీసేయండి. విండోస్ లాంటిదే లినక్స్ అని ఇంకోటి ఉంది, అది ఎక్కించిన పెన్‌డ్రైవు నుంచి ఆ కంప్యూటర్‌ను ఒక రోజంతా నడపండి. పాటలు పెట్టండి, ఇంటర్నెట్ చూడండి. ఒక్కసారి కూడా పడిపోలేదంటే బోర్డు, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ మీద నిందలు చాలావరకు పోయినట్టే.

హార్డ్ డిస్కు బదులు చిప్పుల్లో సమాచారం దాచే ఎస్ఎస్‌డీ వాడేవాళ్లు మాకేం భయం అనుకుంటున్నారు, ముఖాల్లో తెలుస్తోంది. తిరిగే పళ్లేలు లేవు, నిజమే. కానీ టిక్కు టిక్కుమని ముందుగా చెప్పే గొంతు కూడా లేదు. పైగా దాని లోపల కూడా ఒక ప్రోగ్రాము నడుస్తుంటుంది, అందులో తప్పుంటే? క్రూషియల్ ఎం4 అని ఒక ఎస్ఎస్‌డీ ఉండేది. అది మొత్తం 5184 గంటలు నడిచాక ఒక్కసారిగా పలకడం మానేసేది. స్విచ్ ఆపి వేస్తే మళ్లీ పనిచేసేది. గంట తర్వాత మళ్లీ అదే. సరిగ్గా గంటకోసారి కంప్యూటర్ పడిపోతుంటే వాడేవాళ్ల పరిస్థితి ఊహించుకోండి. గంటలు లెక్కపెట్టే చోట తప్పు జరిగింది. 2012 జనవరిలో కంపెనీ కొత్త ఫర్మ్‌వేర్, అంటే ఆ లోపలి ప్రోగ్రాము, ఇచ్చింది, జబ్బు పోయింది. డిస్కు మార్చనక్కర్లేదు, ఫార్మాట్ అక్కర్లేదు. 2019 నవంబరులో సర్వర్లు అమ్మే హెచ్‌పీఈ కంపెనీ ఇంకో హెచ్చరిక ఇచ్చింది, సర్వర్లలో వాడే కొన్ని ఎస్ఎస్‌డీలు 32,768 గంటలకు శాశ్వతంగా ఆగిపోతాయని, సమాచారం కూడా తిరిగి రాదని. మూడేళ్ల తొమ్మిది నెలలకు దగ్గరగా అవుతుంది. ఒకే రోజు పెట్టిన నాలుగు డిస్కులు ఒకే రోజు పోతాయి. ఒకదానిలో పోతే ఇంకోదానిలో ఉంటుందిలే అన్న ధీమా ఏమైనట్టు? కాబట్టి ఎస్ఎస్‌డీ అనుమానంగా ఉంటే ముందు ఫోటోలు ఇంకోచోటికి తీసుకోండి, తర్వాత ఫర్మ్‌వేర్ కొత్తది ఉందేమో చూడండి. ఈ వరస తప్పకండి.

సరే, డిస్కే అని తేలింది. ఇప్పుడు ఏం చేస్తారు? ఎవరో చెక్‌డిస్క్ అన్నారు, డిస్కును తనిఖీ చేసే విండోస్ ప్రోగ్రాము. అదే వద్దంటున్నాను. చెక్‌డిస్క్‌ను మరమ్మతు చేయమని వదిలితే అది పోయే ప్రాణమున్న డిస్కును ఈ చివర నుంచి ఆ చివర దాకా చదివిస్తుంది, పైగా దాని మీద రాస్తుంది. ఆయాసపడుతున్న మనిషిని మెట్లెక్కించి గుండె బాగుందో లేదో చూద్దామన్నట్టు. అది నడవాల్సింది కాపీ మీద, అసలు మీద కాదు. నాలుగు చుక్కల ఊపిరి మిగిలి ఉంటే ఆ ఊపిరితో ముందు ఫోటోలు బయటికి రావాలి.

నేను చేసే పద్ధతి చెబుతాను. ఆ డిస్కుతో విండోస్ మొదలుపెట్టను. మొదలైతే చాలు, విండోస్ దాని మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. లినక్స్ పెన్‌డ్రైవుతో మొదలుపెట్టి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో ఆ డిస్కును దానికంటే పెద్ద కొత్త డిస్కు మీదకు దించుతాను. దాని తెలివి ఏమిటంటే, కష్టమైన చోట పట్టుబట్టి కూర్చోదు. దాటుకుని వెళ్లి తేలికగా వచ్చేదంతా ముందు తెచ్చుకుంటుంది. ఎక్కడెక్కడ వదిలిందో ఒక పటంలో రాసుకుని, తర్వాత వెనక్కి వచ్చి ఆ చోట్లే మళ్లీ ప్రయత్నిస్తుంది. మధ్యలో కరెంటు పోయినా ఆ పటం ఉంటే మళ్లీ మొదటికి రానక్కర్లేదు. అన్నట్టు, ర్యామ్ పరీక్ష దీనికి ముందే చేయాలి. చెడ్డ ర్యామ్‌తో కాపీ చేస్తే కాపీ కూడా చెడుతుంది.

డిస్కు గట్టిగా కొట్టుకుంటున్న చప్పుడు వస్తుంటే మాత్రం ఇవేవీ చేయకండి. నా దగ్గరికి కూడా తేవద్దు. స్విచ్ ఆపి, దుమ్ము లేని గదిలో డిస్కు విప్పే రికవరీవాళ్ల దగ్గరికి పంపండి. ఫ్రిజ్జులో పెడితే పనిచేస్తుందని ఒకాయన వీడియో చూసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాడు, ఐస్‌క్రీమ్ డబ్బా పక్కన. బయటికి తీశాక లోపల తేమ పట్టింది. వారంటీ ఉందిగా అంటారు మరికొందరు. వారంటీలో కొత్త డిస్కు ఇస్తారండి. మీ పెళ్లి ఫోటోలు ఇవ్వరు.

స్టూడియో సంగతి ముగించలేదు కదా. రెండు పగళ్లు, రెండు రాత్రులు పట్టింది కాపీకి. దాదాపు అన్నీ వచ్చాయి. ఆ ఒక్క పెళ్లిలో కొన్ని రాలేదు. రాలేదంటే పూర్తిగా పోలేదు, అది ఇంకా బాధ. ఒక ఫోటో తెరిచాం. పైన పందిరి, మామిడి తోరణం, పెళ్లికొడుకు ముఖం, పైకెత్తిన చేతులు. అక్కడికి ఆగిపోయింది. కింది సగమంతా బూడిదరంగు. మంగళసూత్రం ఉండాల్సిన చోట బూడిద. మేమిద్దరం మాట్లాడుకోలేదు. మెమరీ కార్డు అడిగాను. మీరు మొదటిసారి ఫార్మాట్ కొట్టి బాగైపోయిందన్నారు కదా, ఆ ధైర్యంతో కార్డు చెరిపేసి ఇంకో పెళ్లికి వాడేశానన్నారు. అందుకే అండి, ఆల్బమ్ పెళ్లివారి చేతికి వెళ్లేదాకా కార్డు చెరపకండి. ఇంకో కార్డు కొనుక్కోండి.

ఆ డిస్కు నా దగ్గరే ఉంది. సంచిలో తెచ్చాను, ఇదిగో. వెనక్కి అందించండి, చూడనివ్వండి. పైన నా చేతిరాతతో రెండు ఫార్మాట్ల తేదీలు ఉంటాయి.

తమ్ముడూ, ఇప్పుడు రా. లాప్‌టాప్ మూత తెరవకుండానే తీసుకురా. అందులో నీకు అన్నిటికంటే ముందు కావలసిన ఫోల్డరు ఏదో ఈ కాగితం మీద రాయి. ఖాళీ డిస్కు ఎవరిదగ్గరైనా ఉందా?